పరావలయం ఎక్స్ అక్షాన్ని ఎక్కడ దాటుతుంది? గ్రాఫ్ గీయకముందే కారణాంకాలతో కనుక్కునే పద్ధతి

పదో తరగతి లెక్కల పేపర్లో గ్రాఫ్ ప్రశ్న కనిపించగానే చాలామంది పిల్లలు చేసే మొదటి పని, −3 నుంచి 3 దాకా x విలువలు వరుసగా రాసేసి పట్టిక నింపడం. సమీకరణం ఏదైనా సరే, అదే −3, అదే 3. y = x² − 5x + 4 ఇచ్చారనుకోండి. −3 దగ్గర y విలువ 28 వస్తుంది, −2 దగ్గర 18 వస్తుంది, గ్రాఫ్ షీట్ మీద పైకి చోటు చాలదు. ఇటు కుడివైపు చూస్తే వక్రం కిందికి దిగి x = 3 దగ్గరే ఆగిపోతుంది, 4 దగ్గర అక్షాన్ని దాటాల్సిన బిందువు అసలు బొమ్మలోకే రాదు. పావుగంట పోతుంది, జవాబు సగమే ఉంటుంది, ఇంక టెన్షన్ మొదలవుతుంది.

అదే రఫ్ పేజీలో ఒక్క నిమిషం పెట్టి దాన్ని (x − 1)(x − 4) అని విడగొట్టుకుని ఉంటే, వక్రం 1 దగ్గర ఒకసారి, 4 దగ్గర ఒకసారి అక్షాన్ని దాటుతుందని గ్రాఫ్ షీట్ ముట్టుకోకముందే తెలిసిపోయేది. పట్టిక 0 నుంచి 5 దాకా వేసుకుంటే సరిపోయేది. హనుమకొండలో పిల్లలకు లెక్కలు చెప్పేటప్పుడు నేను పట్టుబట్టి చేయించేది ఇదే: ముందు కారణాంకాలు, తర్వాతే గ్రాఫ్.

పిల్లలకు ఇది తట్టకపోవడానికి కారణం ఉంది. పదో తరగతి పుస్తకంలో గ్రాఫ్ గీయడం బహుపదుల పాఠంలో వస్తుంది, మధ్య పదాన్ని విడగొట్టడం వర్గ సమీకరణాల పాఠంలో వస్తుంది. మనం చెప్పేటప్పుడు కూడా ఒకటి అయిపోయింది ఇక రెండోది అన్నట్టు సాగిపోతాం, రెండూ ఒకే పని అని ఎవరూ ఆగి చెప్పరు. ఇక్కడ ఆ రెండింటినీ కలిపి, ఒక్కో మెట్టు ఎందుకు ఎక్కుతున్నామో చెప్పుకుంటూ పోతాను. పదో తరగతి పిల్లలకు, ఇంట్లో కూర్చోబెట్టి వాళ్ళకు చెప్పే అన్నలకు, అక్కలకు, ఇంటర్ ఎంపీసీలో చేరి సెకండియర్ వర్గ సమాసాల దగ్గర ఆగిపోయినవాళ్ళకు కూడా పనికొస్తుంది. పక్కన ఒక పెన్ను, తెల్ల కాగితం పెట్టుకుని చదవండి.

అక్షాన్ని దాటడం అంటే

ఎక్స్ అక్షం మీద మీకు ఇష్టమైన బిందువు ఏదైనా తీసుకోండి. (2, 0) కావచ్చు, (−7, 0) కావచ్చు. ప్రతిదానికీ రెండో సంఖ్య సున్నానే. కాబట్టి వక్రం ఆ అక్షాన్ని ఎక్కడ తాకినా అక్కడ y విలువ సున్నా. అంటే y = x² − x − 12 అనే పరావలయం (x² ఉన్న ఇలాంటి సమీకరణానికి గ్రాఫ్ గీస్తే వచ్చే వక్రం) అక్షాన్ని ఎక్కడ దాటుతుందని అడిగితే, అడిగింది ఇంతే: x² − x − 12 ఎప్పుడు సున్నా అవుతుంది? బహుపది శూన్యాలు కనుక్కోమన్నా, సమీకరణ మూలాలు కనుక్కోమన్నా, గ్రాఫ్ అక్షాన్ని ఖండించే చోటు చెప్పమన్నా మీరు వెతికేది అవే సంఖ్యలు. రాసే తీరులో మాత్రం చిన్న తేడా ఉంది. మూలాలు అడిగితే 4, −3 అని రాస్తారు, ఖండన బిందువులు అడిగితే (4, 0), (−3, 0) అని రాయాలి.

పరావలయం అక్షాన్ని రెండు చోట్ల దాటొచ్చు, ఒక్క చోట తాకి వెనక్కి తిరగొచ్చు, అసలు ముట్టుకోకుండానే పోవచ్చు. మూడు చోట్ల దాటడం జరగదు. మీకు మూడు జవాబులు వచ్చాయంటే ఎక్కడో లెక్క తప్పింది.

సున్నాతో ఏం పని

ఈ పద్ధతి మొత్తం ఒక్క విషయం మీద నిలబడి ఉంది. రెండు సంఖ్యలను గుణిస్తే 6 వచ్చిందని నేను చెబితే, ఆ సంఖ్యల గురించి మీకు పెద్దగా ఏమీ తెలియదు. 2, 3 కావచ్చు, 1, 6 కావచ్చు, అర, పన్నెండు కావచ్చు, రెండూ రుణ సంఖ్యలు కావచ్చు. కానీ గుణిస్తే సున్నా వచ్చిందని చెబితే మాత్రం ఆ రెండింటిలో కనీసం ఒకటి సున్నా అయి తీరాలి, ఇంకో దారి లేదు. అందుకే (x − 4)(x + 3) = 0 అని రాయగలిగితే పని అయిపోయినట్టే: x − 4 సున్నా కావాలి, లేదంటే x + 3 సున్నా కావాలి.

కుడివైపు సున్నా లేకపోతే ఈ మాట చెల్లదు. (x − 3)(x + 2) = 6 ఇచ్చారనుకోండి. చాలామంది x − 3 = 6, x + 2 = 6 అని రాసేసి 9, 4 అని జవాబు ఇస్తారు. ఇందులో 4 నిజంగానే సరైన జవాబు, 1 × 6 = 6 కదా. 9 మాత్రం తప్పు, అక్కడ 6 × 11 = 66 వస్తుంది. సగం సరిపోవడమే ఇక్కడ ఇబ్బంది, ఎందుకంటే పిల్లలు 4 ఒక్కటి వేసి చూసుకుని పద్ధతి కరెక్టే అనుకుంటారు. సరైన దారి ఏమిటంటే ముందు గుణించాలి, x² − x − 6 = 6, తర్వాత ఆ 6ను ఇటు తెచ్చుకోవాలి, x² − x − 12 = 0. ఇప్పుడు మొదలుపెట్టాలి.

మొదటి పని: సర్దుకోవడం

అన్నీ ఒకే వైపు, x² ముందు, తర్వాత x, చివర స్థిరపదం. ఇది ax² + bx + c రూపం. ఉమ్మడిగా ఏదైనా ఉంటే ముందే బయటికి తీసేయండి. 3x² − 12x = 0 అయితే 3x(x − 4) = 0, మూలాలు 0, 4. ఇక్కడ రెండు వైపులా x తో భాగించి x − 4 = 0 అని రాసేస్తే 0 అనే మూలం మాయమైపోతుంది, వక్రం మూలబిందువు గుండా పోతుందన్న సంగతే పోతుంది. 3 తో భాగించొచ్చు, అది ఎప్పుడూ సున్నా కాదు. x సున్నా కావచ్చు కాబట్టి దానితో భాగించకూడదు. c లేని సమీకరణం కనిపించిందంటే ఒక జవాబు సున్నా అని కళ్ళు మూసుకుని రాసేయొచ్చు.

రెండో పని: రెండు సంఖ్యల వేట

x² − x − 12 ను చూద్దాం. రెండు సంఖ్యలు కావాలి, గుణిస్తే −12, కూడితే −1. ఎక్కడెక్కడో వెతక్కుండా ముందు గుర్తులు తేల్చుకోండి. లబ్ధం రుణం అంటే ఒకటి ధనం, ఒకటి రుణం. మొత్తం రుణం అంటే వాటిలో పెద్దదే రుణం. ఇక 12 ను విడగొట్టే జతలు మూడే ఉన్నాయి: (1, 12), (2, 6), (3, 4). గుర్తులు వేరు కాబట్టి తేడా 1 ఉన్న జత చూడాలి. 3, 4 దొరికింది, పెద్దది రుణం, అంటే −4, +3.

గుర్తుల సంగతి ఒక్కసారి మనసుకు పట్టిందంటే సగం వేట తగ్గిపోతుంది. c ధనమైతే రెండు సంఖ్యలకూ ఒకే గుర్తు, అది b గుర్తే, అప్పుడు మొత్తం చూడాలి. c రుణమైతే రెండింటికీ వేరు గుర్తులు, అప్పుడు తేడా చూడాలి, పెద్దదానికి b గుర్తు ఇవ్వాలి. అంతే.

ఇప్పుడు మధ్య పదాన్ని విడగొట్టాలి.

x² − x − 12
= x² − 4x + 3x − 12
= x(x − 4) + 3(x − 4)
= (x − 4)(x + 3)

ఇక్కడ క్లాసులో ప్రతిసారీ ఒకే ప్రశ్న వస్తుంది: "సార్, మనకు −4, 3 వచ్చినయి కదా, మరి జవాబుల 4, −3 అని ఎందుకు రాసిన్రు?" చాలా మంచి ప్రశ్న ఇది, దీన్ని దాటేసి ముందుకు పోవద్దు. −4, 3 అనేవి మధ్య పదాన్ని విడగొట్టడానికి వాడిన సంఖ్యలు. మనకు కావలసింది x − 4 సున్నా అయ్యే చోటు. ఏ సంఖ్యలోంచి 4 తీసేస్తే సున్నా వస్తుంది? 4 లోంచే. అలాగే దేనికి 3 కలిపితే సున్నా? −3 కి. "గుర్తు మార్చాలి" అని బట్టీ పట్టిన పిల్లలు x² ముందు 2 గానీ 6 గానీ వచ్చిన రోజు తడబడతారు. ప్రతి బ్రాకెట్‌ను విడిగా సున్నాకు సమానం చేసి ఒక లైను రాయండి, x − 4 = 0 కాబట్టి x = 4. ఆ ఒక్క లైనుకు బద్ధకించవద్దు.

x² ముందు 1 కాకుండా ఇంకేదైనా ఉంటే

y = 6x² − x − 2 తీసుకుందాం. ఇప్పుడు లబ్ధం c ఒక్కటే కాదు, a, c రెండింటి లబ్ధం: 6 × (−2) = −12. మొత్తం −1. మళ్ళీ అవే సంఖ్యలు, −4, +3. సంఖ్యలు అవే అయినా జవాబులు వేరు, ఎందుకో చూడండి.

6x² − 4x + 3x − 2
= 2x(3x − 2) + 1(3x − 2)
= (3x − 2)(2x + 1)

3x − 2 = 0 అయితే x = 2/3. 2x + 1 = 0 అయితే x = −1/2. గుర్తు మార్చి 2, −1 అని రాసే వాళ్ళు పడిపోయేది ఇక్కడే.

రెండో లైనులో ఆ 1 రాయడం మర్చిపోకండి. అది కనిపించకపోతే రెండో బ్రాకెట్లో ఏం రాయాలో తెలియక ఆగిపోతారు. ఇంకొక సందేహం, ముందు −4x రాయాలా, +3x రాయాలా అని. ఎలా రాసినా ఫర్వాలేదు. 6x² + 3x − 4x − 2 అని రాస్తే 3x(2x + 1) − 2(2x + 1) వస్తుంది, కలిపితే అవే కారణాంకాలు. కాకపోతే ఈ దారిలో రెండో జత మైనస్‌తో మొదలైంది కాబట్టి −2 బయటికి తీసినప్పుడు లోపలి −2 కాస్తా +1 అవుతుంది. అక్కడే చెయ్యి జారుతుంది. నేనైతే ధన పదాన్ని రెండో జతలో పెట్టమని చెబుతాను.

రెండు బ్రాకెట్లలో ఒకే మాట రాకపోతే, ఉదాహరణకు ఒకదాంట్లో (3x − 2), ఇంకోదాంట్లో (3x + 2) వస్తే, ముందుకు పోవద్దు. సంఖ్యల జత తప్పు, లేదా గుర్తు తప్పు. ఇది ఈ పద్ధతికి ఉన్న గొప్ప సౌకర్యం, తప్పు జరిగితే మధ్యలోనే తెలిసిపోతుంది.

x² ముందు మైనస్ ఉంటే, అంటే y = −x² + 2x + 8 లాంటిది ఉంటే, ముందు మైనస్‌ను బయటికి లాగండి: −(x² − 2x − 8) = −(x − 4)(x + 2). మూలాలు 4, −2. సమీకరణం పరిష్కరించడానికి ఆ మైనస్‌ను వదిలేసినా నష్టం లేదు, సున్నా ముందు మైనస్ ఉన్నా సున్నానే. గ్రాఫ్ గీసేటప్పుడు మాత్రం దాన్ని వదలొద్దు. ఈ వక్రం పైన శిఖరం ఉండి రెండు వైపులా కిందికి వంగుతుంది, మైనస్ వదిలేస్తే తలకిందులుగా గీస్తారు, దాటే చోట్లు మాత్రం సరిగ్గానే ఉంటాయి కాబట్టి తప్పు జరిగిందని అనుమానం కూడా రాదు.

పెద్ద సంఖ్యలు వచ్చి జత దొరకనప్పుడు

భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రాసిన బీజగణితంలో కోతుల లెక్క ఒకటి ఉంది. ఒక గుంపులో ఎనిమిదో వంతును వర్గం చేస్తే ఎన్ని వస్తాయో అన్ని కోతులు అడవిలో ఆడుకుంటున్నాయి, మిగతా 12 కొండ మీద ఉన్నాయి, మొత్తం ఎన్ని? గుంపును x అనుకుంటే (x/8)² + 12 = x. 64 తో గుణించి సర్దితే x² − 64x + 768 = 0.

గుణిస్తే 768, కూడితే 64 వచ్చే రెండు సంఖ్యలు కావాలి. 768 కు జతలు చాలా ఉన్నాయి, ఒక్కొక్కటే వేసుకుంటూ పోతే పరీక్షలో టైం సరిపోదు. ఇలా చేయండి. రెండు సంఖ్యల మొత్తం 64 అంటే వాటి సగటు 32. ఒకటి 32 కంటే ఎంత తక్కువో, రెండోది అంతే ఎక్కువ ఉండాలి. ఆ తేడాను d అనుకుంటే (32 − d)(32 + d) = 768, అంటే 1024 − d² = 768, d² = 256, d = 16. సంఖ్యలు 16, 48. కారణాంకాలు (x − 16)(x − 48). రెండూ సరిపోతాయి: 16 లో ఎనిమిదో వంతు 2, దాని వర్గం 4, ప్లస్ 12 కలిపితే 16. 48 లో ఎనిమిదో వంతు 6, వర్గం 36, ప్లస్ 12 కలిపితే 48.

ఈ సగటు ఉపాయం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇది గ్రాఫ్‌లో కళ్ళకు కనిపిస్తుంది. పరావలయానికి మధ్యలో నిలువుగా ఒక సౌష్ఠవ రేఖ ఉంటుంది, దాటే రెండు చోట్లూ దానికి ఇటు ఎంత దూరమో అటు అంతే దూరం. ఇక్కడ ఆ రేఖ x = 32. శ్రీధరాచార్య సూత్రం అని మనం బట్టీ పట్టేది, x = (−b ± √(b² − 4ac))/2a, కూడా ఇదే మాట, సగటు ఒక ముక్క, తేడా ఇంకో ముక్క, ప్లస్ ఆర్ మైనస్ అంటే అటు ఇటు.

అదే చోట ఇంకో కోతుల లెక్క ఉంది. గుంపులో ఐదో వంతులోంచి 3 తీసేసి వర్గం చేస్తే వచ్చేన్ని కోతులు గుహలోకి పోయాయి, ఒకటి మాత్రం బయట కనిపిస్తోంది. సర్దితే x² − 55x + 250 = 0, అంటే (x − 5)(x − 50) = 0. మూలాలు 5, 50. కానీ గుంపు 5 అయితే ఐదో వంతు 1, అందులోంచి 3 తీయలేం కదా. భాస్కరుడు 5 ను వద్దన్నాడు, 50 ను ఉంచాడు. గ్రాఫ్ రెండు చోట్ల దాటడం నిజమే, అందులో ఏది మన లెక్కకు పనికొస్తుందో సమీకరణం చెప్పదు, ప్రశ్నను మళ్ళీ చదువుకుని మనమే తేల్చాలి. రాత సమస్యల్లో ఆ చివరి వాక్యం, "రుణ విలువ తీసుకోరాదు కాబట్టి" అని రాసేది, ఊరికే రాసేది కాదు.

ప్రత్యేకంగా కనిపించే రెండు రూపాలు

x² − 6x + 9 అంటే (x − 3)². రెండు బ్రాకెట్లూ ఒకటే, కాబట్టి దాటే చోట్లు రెండూ కలిసిపోయి ఒక్క (3, 0) దగ్గర వక్రం అక్షాన్ని తాకి వెనక్కి తిరుగుతుంది. దాటదు, తాకుతుంది.

రెండోది వర్గాల భేదం. దీనికి మన పొలాల్లో రోజూ కనిపించే ఉదాహరణ ఉంది. మోటరు వేయగానే బోరు పైపులోంచి నీళ్ళు ముందు అడ్డంగా వచ్చి, తర్వాత వంగి కాలువలో పడతాయి చూడండి, ఆ వంపు పరావలయంలో ఒక సగం. పైపు మూతి నీళ్ళు పడే చోటి కంటే 0.8 మీటర్ల ఎత్తులో ఉండి, నీళ్ళు సెకనుకు 2 మీటర్ల వేగంతో అడ్డంగా వస్తున్నాయనుకుందాం. గురుత్వ త్వరణం సుమారు 10 అని తీసుకుంటే నీటి ఎత్తు y = 0.8 − 1.25x², ఇందులో x అంటే పైపు మూతి నుంచి ముందుకు దూరం. ఎక్కడ పడుతుంది? y = 0 పెట్టండి.

0.8 − 1.25x² = 1.25(0.64 − x²) = 1.25(0.8 − x)(0.8 + x)

x = 0.8 లేదా −0.8. రుణ విలువ అంటే పైపు వెనకాల, అక్కడ నీళ్ళు లేవు. కాబట్టి సుమారు 0.8 మీటర్ల దూరంలో పడతాయి. దశాంశాలు చూసి భయపడకుండా ముందు 1.25 ను బయటికి తీయడమే ఇక్కడ కిటుకు, తీశాక లోపల 0.64 కనిపిస్తుంది, అది 0.8 వర్గం.

కారణాంకాలు దొరకలేదంటే వక్రం దాటదనేనా?

కాదు. ఇది చాలా మందికి ఉన్న అపోహ. వెతకడం మొదలుపెట్టేముందు b² − 4ac, అంటే విచక్షణి, లెక్కపెట్టి చూసుకోండి. x² − x − 12 కు అది 1 + 48 = 49, సంపూర్ణ వర్గం, కాబట్టి చక్కగా విడిపోతుందని ముందే తెలుస్తుంది. x² − 4x + 1 కు 16 − 4 = 12, ధనమే కానీ సంపూర్ణ వర్గం కాదు. వక్రం అక్షాన్ని రెండు చోట్ల దాటుతుంది, కానీ 2 + √3, 2 − √3 దగ్గర, అంటే సుమారు 3.73, 0.27 దగ్గర. మధ్య పదాన్ని పూర్ణ సంఖ్యలతో విడగొట్టడం కుదరదు, గంట కూర్చున్నా కుదరదు, అప్పుడు సూత్రం వాడాలి. x² + x + 1 కు 1 − 4 = −3, రుణం. ఈ వక్రం అక్షాన్ని ముట్టుకోనే ముట్టుకోదు, మొత్తం పైనే ఉంటుంది. ఈ చిన్న లెక్క వేసుకోకుండా జతల కోసం వెతుకుతూ కూర్చోవడం పరీక్ష హాల్లో అన్నిటికంటే పెద్ద టైం నష్టం.

మరి సూత్రం ఎప్పుడూ పనిచేస్తుంది కదా, కారణాంకాలు ఎందుకు అంటారు కొందరు. సూత్రం దాటే చోటు చెబుతుంది, కారణాంకాలు ఆ చోట్లకు అటూ ఇటూ ఏం జరుగుతుందో కూడా చెబుతాయి. (x − 4)(x + 3) లో x విలువ −3 కు, 4 కు మధ్య ఉంటే మొదటిది రుణం, రెండోది ధనం, లబ్ధం రుణం, అంటే వక్రం అక్షం కింద ఉంది. బయట ఎక్కడైనా రెండింటికీ ఒకే గుర్తు, వక్రం పైన ఉంది. ఇంటర్‌లో అసమీకరణాలు చేసేటప్పుడు పిల్లలు కష్టపడేది ఈ ఒక్క చూపు లేకనే.

కారణాంకాలకు అర్థం కూడా ఉంటుంది. చౌరస్తాలో ఒక మిర్చి బజ్జీ బండి ఉందనుకుందాం. ప్లేటు తయారీకి 10 రూపాయలు, ధర x రూపాయలు పెడితే గంటకు 40 − x ప్లేట్లు పోతాయి. లాభం y = (x − 10)(40 − x). ఇక్కడ విడగొట్టాల్సిన పనే లేదు, విడిపోయే వచ్చింది. 10 దగ్గర లాభం సున్నా, ఎందుకంటే ప్లేటు మీద ఏమీ మిగలదు. 40 దగ్గర లాభం సున్నా, ఎందుకంటే కొనేవాళ్ళు లేరు. రెండు సున్నాలు, రెండు వేరు వేరు కారణాలు, ఒక్కో బ్రాకెట్ ఒక్కో కారణం. మధ్యలో 25 దగ్గర లాభం ఎక్కువ, 15 × 15 = 225 రూపాయలు. దీన్ని గుణించి −x² + 50x − 400 అని రాస్తే ఈ సంగతులన్నీ కనపడకుండా పోతాయి.

ఇప్పుడు గ్రాఫ్ షీట్ తీయండి

y = x² − x − 12. దాటే చోట్లు −3, 4 అని తెలుసు, కాబట్టి రెండు వైపులా ఒక్కో అడుగు ఎక్కువ తీసుకుని −4 నుంచి 5 దాకా పట్టిక వేయండి. y విలువలు వరుసగా 8, 0, −6, −10, −12, −12, −10, −6, 0, 8. ఇటు నుంచి చదివినా అటు నుంచి చదివినా ఒకేలా ఉన్నాయి చూడండి, ఒక్క విలువ తేడాగా వచ్చినా అక్కడ లెక్క తప్పినట్టు. ఎక్స్ అక్షం మీద 1 సెంటీమీటరుకు 1 యూనిట్, వై అక్షం మీద 1 సెంటీమీటరుకు 2 యూనిట్లు పెట్టుకుంటే బొమ్మ హాయిగా సరిపోతుంది. స్కేలు ఎంత తీసుకున్నారో షీట్ మీద పక్కన రాయడం మర్చిపోకండి.

ఈ గ్రాఫ్‌లో ఒక చోట జాగ్రత్త. x = 0 దగ్గరా −12, x = 1 దగ్గరా −12. పిల్లలు ఆ రెండు చుక్కలనూ స్కేలు పెట్టి అడ్డగీతతో కలిపేస్తారు, వక్రం అడుగున చదునుగా గిన్నె లాగా వస్తుంది. నిజానికి అక్కడ వక్రం ఇంకాస్త కిందికి దిగుతుంది. −3, 4 ల సగటు 0.5, అక్కడ y = 0.25 − 0.5 − 12 = −12.25. ఈ శీర్షాన్ని కూడా చుక్కగా పెట్టి, అన్నిటినీ చేత్తో నునుపుగా కలపండి. చివర మొనదేలి వి ఆకారం రాకూడదు.

జవాబు రాసే ముందు పది సెకన్లు పెట్టి సరిచూసుకోండి. మూలాల మొత్తం −b/a కావాలి: 4 + (−3) = 1, సరిపోయింది. లబ్ధం c/a కావాలి: −12, సరిపోయింది. గుర్తు తారుమారై −4, 3 అని రాసి ఉంటే లబ్ధం సరిపోతుంది కానీ మొత్తం −1 వచ్చి దొరికిపోతుంది, అందుకే రెండూ చూడాలి.

సొంతంగా చేసి చూడటానికి కొన్ని ఇస్తున్నాను. ముందు విచక్షణి, తర్వాత కారణాంకాలు, తర్వాత రఫ్‌గా బొమ్మ.

y = x² + 7x + 10
y = x² − 3x − 18
y = 2x² + 5x − 3
y = 5x² − 20x
y = 4x² − 12x + 9
y = x² + 2x + 5
y = x² − 34x + 273

జవాబులు వరుసగా: −2, −5; 6, −3; 1/2, −3; 0, 4; ఐదోది 3/2 దగ్గర తాకుతుంది; ఆరోది అక్షాన్ని ముట్టుకోదు, విచక్షణి −16; చివరిదానికి 13, 21. చివరిది జతలు వెతక్కుండా సగటు 17 తో చేయండి, రెండు లైన్లలో వచ్చేస్తుంది. మూడోదాంట్లో గుర్తు తేడా వస్తే x² ముందు 1 కాకుండా వేరే సంఖ్య ఉన్న భాగాన్ని మళ్ళీ ఒకసారి చదవండి.